గాడిద కనిపించని సీసా

ఆ శీతాకాలం ఊళ్ళో మాతో పలకరింపులు ఆగిపోయాయి. ఎవరూ మా తలుపు మీద రాయి వేయలేదు, మొహాన తిట్టలేదు. రొట్టెల కొట్లోకి నేను అడుగుపెడితే చాలు, అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న ఆడవాళ్ళు ఉన్నట్టుండి గాలి గురించి మాట్లాడటం మొదలుపెట్టేవాళ్ళు. చలికాలంలో సముద్రపు ఒడ్డునున్న మా పెల్యేషాట్స్‌లో ఎప్పుడూ గాలే. దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంది? తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని, కడుపులో బరువు దిగేది.

దీనికంతటికీ ఒక సీసా కారణం. దుబ్రోవ్నిక్ పట్నంలో భోజన హోటల్ నడిపే ఒకాయన మా ద్రాక్ష రైతుల సంఘానికి ఫోన్ చేసి, మీ లేబుల్ చూసి కొన్న వైన్ పులిసిన బీట్‌రూట్ నీళ్ళలా ఉందని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎవరి దగ్గర కొన్నావంటే ఒక దళారి పేరు చెప్పాడు. ఆ దళారి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ హోటలాయన పంపిన సీసా సంఘం బల్ల మీదకి వచ్చింది. లేబుల్ చూస్తే మాదే. వాసన చూస్తే మాది కాదు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ప్రతి ఇంటి పీపానూ పెద్దలు రుచి చూస్తారు. బాగుంటేనే ఆ ఇంటికి లేబుళ్ళు ఇస్తారు. లేబుల్ అందరికీ ఒకటే: నల్లటి నిటారు కొండవాలు, దాని మీద ద్రాక్ష తీగలు, కింద సముద్రం. అది లేకపోతే ఎంత మంచి వైన్ అయినా బజార్లో దాన్ని అడిగే నాథుడుండడు. అందుకే దొంగ లేబుల్ అంటే మా ఊళ్ళో దొంగ నోటు కంటే పెద్ద తప్పు. చేసినవాణ్ణి సంఘంలోంచి తీసేస్తారు. వాడి పీపాలు వాడి నేలమాళిగలోనే ఉండిపోతాయి, వాడి పేరు మాత్రం ఊరూరా తిరుగుతుంది.

ఆ పేరు మా ఆయన బాల్డోది కాబోతోందని నాకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. ఆయన చేసిన నేరమల్లా ఆ ముందటి చలికాలం సీసాలు నింపే పాత మిషన్ ఒకటి కొనడం. దానికి తోడు మా అల్లుడిది కొండల అవతలి ఊరు, అక్కడ చవక వైన్ పీపాల లెక్కన దొరుకుతుంది. మిషన్ ఉంది, అల్లుడున్నాడు, ఊరికి ఇంకేం కావాలి?

"నేను ఎవరి పేరూ చెప్పను" అన్నాడు లూకో, సంఘం అధ్యక్షుడు. పేరు చెప్పి ఉంటే మా ఆయన లేచి సమాధానం చెప్పేవాడు. చెప్పకుండా మా వైపు ఒకసారి చూసి, జాలిగా తల పంకించి ఊరుకున్నాడు. ఆ తల పంకించడం చాలు, మిగతాది ఊరు పూరించుకుంది.

లూకో పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని దెబ్బలు తిన్నవాళ్ళు. లూకో కూతురు దేషాకి మా ఆయన జ్ఞానతండ్రి. జ్ఞానస్నానం రోజున ఏడ్చి గుక్కపట్టిన ఆ పిల్లని చర్చిలో తొట్టి దగ్గర చేతుల్లో పట్టుకున్నది ఆయనే. మా దగ్గర ఆ బంధం తోబుట్టువుల బంధం కంటే గట్టిది. దాన్ని తెంపినవాడి ఇంట్లో నూనె కూడా నిలవదంటారు.

నిజం చెప్పాలంటే నేనూ మా ఆయన్ని అనుమానించాను. ఆయన వలలు బాగుచేసుకోవడానికి రేవుకి వెళ్ళిన ఒక పొద్దున నేలమాళిగలోకి దిగి పీపాల వెనక, ఉల్లిపాయల గంపల కింద, ఆ మిషన్ పొట్టలో కూడా చెయ్యిపెట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. పైకొచ్చి చేతులు కడుక్కుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ముప్పూటలా నేను వండింది తినే మనిషి, ఆయన దొంగ అవునో కాదో తెలుసుకోవడానికి నేను గంపలు ఎత్తి చూశాను.

పరీక్ష చేయిద్దామని అన్నదీ లూకోనే. "మన దేషా ఉందిగా. జాగ్రెబ్ నుంచి కెమెరా తెమ్మంటాను. ఆ లేబుల్ అసలుదో దొంగదో అదే చెబుతుంది. అప్పుడు ఎవరి మీదా నింద ఉండదు" అన్నాడు.

దేషా రాజధాని జాగ్రెబ్‌లో ఒక ప్రెస్సులో పనిచేస్తుంది. పరీక్ష సర్టిఫికెట్లు, మందుల పెట్టెలు, నాటకాల టికెట్లు, ఇలా దొంగలు నకలు తీసే కాగితాలన్నిటిలో బొమ్మలు దాచడం ఆమె పని. మా లేబుల్ గీసిందీ ఆమే. చుట్టుపక్కల ఊళ్ళలో దొంగ లేబుళ్ళు ఎక్కువయ్యాయని కొన్నేళ్ళ కిందట దాన్ని ఆమె చేతే మళ్ళీ గీయించి కొత్తగా అచ్చువేయించారు. కంటికి పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమీ లేదు. కొత్తదాంట్లో మాత్రం కంటికి కనబడని గాడిద ఒకటి ఉంది. ఆ సంగతి సంఘం పెద్దలకే తెలియాలని, బయటకి పొక్కకూడదని గట్టిగా చెప్పారు కాబట్టి ఊరంతా తెలుసు. పాత లేబుళ్ళలో మిగిలినవాటిని లూకో ప్రతి ఇంటి నుంచీ వెనక్కి తీసుకుని తన పెరట్లో కాల్చేశాడు. కాల్చానని చెప్పాడు. పొగ మేమూ చూశాం.

ఆదివారం పూజ అయ్యాక అందరూ సంఘం హాల్లో చేరారు. బూర అని మేం పిలిచే చలిగాలికి, మూసిన కిటికీ రెక్కలు దడదడలాడుతున్నాయి. నేను రానన్నాను. మా ఆయన వినలేదు.

"రాకపోతే దాక్కున్నామనుకుంటారు. కోటు వేసుకో" అన్నాడు.

"దొంగని చూడ్డానికొచ్చినట్టు చూస్తారు."

"చూడనీ. మనమూ వాళ్ళని చూద్దాం."

దేషా బల్ల దగ్గర నిలబడి ఉంది. జుట్టు కత్తిరించుకుంది, కాస్త చిక్కింది. మమ్మల్ని చూడగానే ఎదురొచ్చి మా ఆయన బుగ్గ మీద ముద్దుపెట్టింది. "పెదనాన్నా, ఇవాళతో ఈ గోల తేలిపోతుంది చూడు" అని ఆయన చెవిలో అంది. తండ్రి చూస్తున్నాడన్న జంకు కూడా లేదు. ఆమె మా పక్షమేనని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకటి సంఘం అలమారలోది, అసలుదని అందరికీ తెలిసినది. రెండోది దుబ్రోవ్నిక్ నుంచి వచ్చినది. దేషా చేతిలో మామూలు కెమెరా లాంటిదే ఉంది, వెనకాల అరచేతిలో సగం ఉండే తెర.

"ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను. మళ్ళీ ఎవరూ మంత్రం అనకూడదు" అంది దేషా. "నల్ల రంగు రెండు రకాలుగా చెయ్యొచ్చు. ఒకటి మసి కలిసిన నల్ల సిరా. రెండోది మసి లేకుండా నీలం, ఎరుపు, పసుపు కలిపి చేసే నలుపు. కంటికి రెండూ ఒకటే. ఈ కెమెరా మాత్రం ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే మన కంటికి అందని వెలుగులో చూస్తుంది. దానికి మసి ఉన్నచోట నల్లగా కనిపిస్తుంది. మసి లేని నలుపు అసలు కనపడదు, తెల్ల కాగితమే."

"అంటే కొండ మాయమవుతుందా?" అని అడిగింది వెనక నుంచి లూకో మేనత్త ఫ్రానె. ఆమెకి తొంభై దగ్గర పడుతోంది, చెవులు మాత్రం ఇంకా పదునే.

"కొండ, తీగలు, సముద్రం అన్నీ పోతాయి. మసితో గీసిన గాడిద ఒక్కటే మిగులుతుంది. దొంగవాడు స్కాన్ చేసినా, ఫొటో తీసినా వాడి మిషన్ కంటికి కనపడ్డ రంగునే చూస్తుంది, తన సిరాలతో తనకి తోచినట్టు కలిపేస్తుంది. కొండ దిగుతుంది, గాడిద దిగదు."

"మన ఊళ్ళో గాడిదలు దిగకపోవడమా? సంఘం పెద్దల్ని చూడు" అన్నాడెవరో. హాలంతా నవ్వింది. లూకో కూడా నవ్వాడు.

తీరా కెమెరా పెడితే తెర నల్లగా ఉంది. దేషా పైకి చూసింది. కిందటేడు సంఘం డబ్బుతో కొత్త ఎల్‌ఈడీ దీపాలు బిగించారు.

"ఈ దీపాల్లో ఆ వెలుగు ఉండదు. పాతకాలం వేడెక్కే బల్బు కావాలి. ఎవరింట్లోనైనా ఉందా?"

ఎవరింట్లోనూ లేదు, అందరూ మార్చేసుకున్నారు. మా ఆయన లేచాడు. "మా కోళ్ళ గూట్లో ఉంది, పిల్లల వెచ్చదనానికి పెట్టాం. తెస్తానుండండి" అన్నాడు. తన మీద విచారణకి తానే దీపం తేవడానికి ఆ గాలిలో వెళ్ళాడు. వైరుతో సహా బల్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పట్టుకో" అన్నాడు.

నేను బల్ల ఇవతల బల్బు పట్టుకుని నిలబడ్డాను. దేషా అవతల ఉంది. తెర ఆమె వైపు. నాకు ఆమె మొహం మాత్రమే కనపడుతోంది.

మొదటి సీసా పెట్టింది. "ఇదిగో" అని కెమెరా అందరికీ చూపించింది. తెల్లటి తెర మీద బరువు మోస్తున్న గాడిద నల్లగా, ముద్దుగా ఉంది. చేతులు మారింది కెమెరా. ఫ్రానె కళ్ళజోడు పైకెత్తి, "అచ్చం మా బావగారే" అంది. మళ్ళీ నవ్వులు. ఒక్క క్షణం పెళ్ళివారి ఇల్లులా అయింది హాలు. నేనూ నవ్వాను కాబోలు.

రెండో సీసా పెట్టింది. కెమెరా దగ్గరికి తెచ్చింది, కొంచెం దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. చెవుల దాకా ఎర్రబడింది. ఆ తర్వాత మొహంలో రక్తం లేకుండా పోయింది. నేను బల్బు ఇంకాస్త దగ్గరికి జరిపాను, వెలుగు చాలలేదేమోనని.

"ఉందా?" అని అడిగాడు సంఘం పెద్దల్లో ఒకాయన.

దేషా కెమెరా దించలేదు. తెర ఎవరికీ చూపించలేదు.

"గాడిద లేదు" అంది.

హాల్లో ఊపిరి వదిలిన చప్పుడైంది. "నేను ముందే అనుకున్నా" అన్న మాట ఇద్దరు ముగ్గురి నోట వినిపించింది. లూకో చేతులు రెండూ చాపి, "విన్నారుగా. బయట అచ్చు వేయించిన దొంగ లేబులే. సీసాలు నింపడం మాత్రం ఎక్కడో మన దగ్గరే జరిగి ఉండాలి. నేను ఎవరి పేరూ చెప్పను" అన్నాడు మళ్ళీ.

ఈసారి చెప్పాల్సిన పని లేదు. అందరూ మా ఆయన వైపే చూస్తున్నారు. నా అరచేయి బల్బుకి కాలుతోంది, కింద పెడదామన్న ఆలోచన కూడా రాలేదు.

మా ఆయన లేచి టోపీ తీశాడు. లూకో వైపు కాదు, దేషా వైపు తిరిగాడు.

"నువ్వు సరిగ్గా చూశావా, బంగారం?"

దేషా తల ఊపింది.

"అయితే సరే. నువ్వు లేదన్నావంటే లేదు. ఎవడు చేశాడో నాకు తెలీదు, నేనైతే చెయ్యలేదు. కానీ నీ మాట మీద నేను వాదించను. ఈ ఊళ్ళో నేను నమ్మే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు." తర్వాత పెద్దల వైపు తిరిగాడు. "నన్ను తీసేయాలంటే తీసేయండి. పిల్లని మాత్రం మధ్యలో నిలబెట్టకండి. దానికి రేపు బస్సుంది."

అరిచి ఉంటే బాగుండేదని నాకనిపించింది. ఆ మెత్తదనం చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఇంత నింద మీద పడుతుంటే బస్సు గురించి మాట్లాడతాడేమిటి ఈ మనిషి!

దేషా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఒకసారి ఇలా రా" అంది.

"ఎందుకు? చెప్పావుగా."

"వచ్చి చూడు."

లూకో బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె కెమెరా తండ్రి మొహం ముందుకి తెచ్చింది. లూకో చూశాడు. ఆయన గడ్డం కింద కండరం ఒకటి అదిరింది. దేషా కళ్ళు తండ్రి మీదే ఉన్నాయి. ఆయన చెప్పాలని ఆమె ఎదురుచూస్తోందని నాకు తెలుస్తోంది. ఏం చెప్పాలో మాత్రం నాకు తెలీదు.

"ఏముంది ఇందులో? తెల్ల కాగితం. ఏమీ లేదు" అన్నాడు లూకో.

దేషా కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. కెమెరా తీసి ఫ్రానె ఒళ్ళో పెట్టింది. "నువ్వు చూడు, ఫ్రానె నాన్నమ్మా. తెల్ల కాగితమేనా?"

ఫ్రానె కళ్ళజోడు సర్దుకుని చూసింది. చూస్తూనే శిలువ గుర్తు వేసుకుంది. "పావె! ఓరి దేవుడా, ఇది మా వదిన పావె!"

పావె అంటే లూకో తల్లి. గోతాల్లో మట్టి నింపుకుని వీపు మీద ఆ కొండ మీదకి మోసి తీగలు నాటిన మనిషి. పోయి చాలా ఏళ్ళయింది.

"గాడిద లేదు, నిజమే. అక్కడ మా నాన్నమ్మ ఉంది" అంది దేషా. "పాత లేబుల్ గీసిన ఏడాదే ఆమె పోయింది. అప్పుడే నేను ఈ పని నేర్చుకుంటున్నాను. వస్తుందో రాదో చూద్దామని ఆమె ఫొటో కొండలో దాచాను. ఎవరికీ చెప్పలేదు. దాచినదాన్ని ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదని మా పనిలో మొదట నేర్పేది అదే. పాత లేబుల్లో ఏమీ దాచలేదనే అందరూ అనుకున్నారు. నాన్న కూడా."

ఆమె ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పాత లేబుళ్ళన్నీ ఎవరి దగ్గరికి చేరాయో, ఎవరి పెరట్లో కాలాయో ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. కెమెరా ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పావెని ఎరిగిన ముసలివాళ్ళు ఒక్కొక్కరూ చూసి, తల వంచుకుని పక్కవాళ్ళకి ఇచ్చారు.

లూకో అక్కడే ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. "వడగళ్ళకి నా తోట సగం పోయింది. మీకందరికీ తెలుసు. ఆ దళారికి ప్రతి ఏడూ ఇస్తానని మాట. అధ్యక్షుడి ఇంట్లోనే వైన్ లేదంటే ఏమనుకుంటారు? బయట చవక వైన్ కొని, కాల్చకుండా దాచిన పాత లేబుళ్ళు అంటించాను. ఈ ఒక్క ఏడాదికే అనుకున్నాను. పాత లేబుల్లో ఏమీ ఉండదు కదా, కెమెరా పెట్టినా దొంగ అచ్చు అనుకుంటారని..."

"మరి బాల్డో?" అని అడిగాడు ఆ పెద్దాయన.

"బాల్డో పేరు నేను చెప్పలేదు."

"చెప్పలేదురా, చెప్పలేదు" అంది ఫ్రానె. "తల్లి మొహం చూసి తెల్ల కాగితమన్నవాడివి, స్నేహితుడి పేరు చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత?"

ఊరి వాళ్ళు మా వైపు తిరిగారు. కొందరు దగ్గరికొచ్చి మా ఆయన భుజం తట్టబోయారు. రొట్టెల కొట్టు ఆవిడ నా మోచేయి పట్టుకుని ఏదో అనబోయి, "చేయి కాలింది చూడు" అంది. గాలి గురించి మాట్లాడినప్పటి గొంతే. నేను చేయి లాక్కున్నాను. నేలమాళిగ గుర్తొచ్చి, ఆవిడని ఏమీ అనలేకపోయాను.

మా ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. దేషా ముందు నిలబడ్డాడు.

"గాడిద లేదని చెప్పావు చూడు, అప్పటికే పావెని చూశావా?"

దేషా తల ఎత్తలేదు. "చూశాను పెదనాన్నా."

ఆయన నా చేతిలోంచి బల్బు తీసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊది, గుడ్డలో చుట్టాడు. "పద యేలె, కోడిపిల్లలకి చలేస్తుంది" అన్నాడు.

మర్నాడు దేషా బస్సెక్కలేదు. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. వస్తుందని నేననుకోలేదు. వస్తే గుమ్మంలోనే కడిగేద్దామని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. ఆమె గుమ్మంలో నిలబడేసరికి మా ఆయన లోపల నుంచి, "తలుపు మూసి రా, గాలి వస్తోంది. కూర్చో" అన్నాడు. నేను పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను.

ఆ రోజు చేపల పులుసు, మొక్కజొన్న సంకటి. మా ఆయనే వడ్డించాడు. ఎప్పుడూ కంచం కూడా తీయని మనిషి.

"నాన్న ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

"మంచం దిగలేదు. సంఘానికి రాజీనామా రాసి పంపించాడు. ఆ దళారి దగ్గరున్న సీసాలన్నీ వెనక్కి తెప్పిస్తానన్నాడు."

"దిగుతాడులే. ముళ్ళు చూసుకుని తిను."

ఆమె ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "పెదనాన్నా, నన్ను తిట్టు."

"ఎందుకు తిట్టాలి? చివరికి చెప్పావుగా."

"చివరికే కదా చెప్పాను. లేబుల్ అసలుదేనని, మనదేనని నాకు ఆ క్షణంలోనే తెలుసు. గాడిద లేదన్నది అబద్ధం కాదు కదా అని మనసులో అనుకున్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాకుండా నిన్ను దొంగని చేశాను. అది తలుచుకుంటే నన్ను నేనే ముట్టుకోబుద్ధి కావడం లేదు."

మా ఆయన సంకటి మీద పులుసు పోసుకుని, చెంచాతో దాన్ని కలుపుతూ కూర్చున్నాడు. ఆయన ఎంతసేపటికీ తినకపోవడం చూసి నాకు తెలిసింది, ఆయన మనసులో కూడా ఒకటి మిగిలి ఉందని.

"ఒకటి అడుగుతాను" అన్నాడు. "నువ్వు చెబితే నమ్ముతానని నేను అనకపోయుంటే, అరిచి గొడవ చేసుంటే, ఆ మాట అక్కడితో వదిలేసేదానివా?"

దేషా కంచంలో ముద్దని అటూ ఇటూ జరిపింది. "ఏమో పెదనాన్నా. తెలీదు."

ఆయన మొహం విప్పారింది. నేను కళ్ళారా చూశాను. "తెలీదు కదా! నాకూ తెలీదు. మా నాన్న అయ్యుంటే నేను మాత్రం ఏం చేసేవాణ్ణి? ఎవడికి తెలుసు? తిను, చల్లారిపోతోంది" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ ఆయన తిన్న మొదటి ముద్ద అదే.

అక్కడితో ఊరుకోవాల్సింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక శీతాకాలమంతా తలవంచుకుని రొట్టె కొనుక్కొచ్చింది నేను. అరచేయి కాలింది నాది. ఈయన ఇంత తేలిగ్గా వదిలేస్తాడా?

"నాకు తెలుసు" అన్నాను. "నువ్వు వదిలేసేదానివి. బస్సెక్కి వెళ్ళిపోయేదానివి. ఈ పాటికి సగం దారిలో ఉండేదానివి."

"యేలె!" అన్నాడు మా ఆయన.

దేషా తల ఎత్తి మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. బుకాయిస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"అవును పెద్దమ్మా" అంది. "వదిలేసేదాన్నే."

కావలసిన మాట రాబట్టాను. గెలిచాను. మా ఆయన చెంచా కంచం పక్కన పెట్టాడు. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా పెట్టాడు. ఆయన మొహం నిన్న హాల్లో అందరూ తన వైపు చూసినప్పుడు కూడా అలా లేదు. ఆ పిల్ల "తెలీదు" అన్న ఒక్క మాటతో ఆయన బతికిపోదామనుకున్నాడు. అది నేను లాగేసుకున్నాను. నాకు సిగ్గేసింది. ఏం చేయాలో తోచక గరిట తీసుకుని ఇంకో చేప ముక్క తీసి ఆ పిల్ల కంచంలో వేశాను. ఆమె వద్దనలేదు. తల వంచుకుని, ముళ్ళు తీసుకుంటూ, అంతా తింది. మా ఆయన మాత్రం ఆ పూట మళ్ళీ చెంచా ముట్టుకోలేదు.